పంపుని ఫ్లో మీటర్‌కి అప్పగించకండి

ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళలో కాస్త ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన వచ్చి తీరుతుంది. పంపు డెలివరీ పైపులో, అంటే ద్రవం బయటికి పోయే వైపు, ప్రవాహాన్ని కొలిచే ఒక ఫ్లో మీటర్ పెడదాం, దాన్ని మైక్రోకంట్రోలర్‌కి, అంటే మన ప్రోగ్రాం నడిపే చిన్న చిప్‌కి, కలుపుదాం, నిమిషానికి నాలుగు లీటర్లు కావాలని చెబుదాం, మిగతాది పీఐడీ (కావలసినదానికీ కొలిచినదానికీ ఉన్న తేడాని బట్టి సరిచేస్తూ పోయే కంట్రోల్ పద్ధతి) చూసుకుంటుంది. ప్రవాహం తగ్గితే పంపు వేగం పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. ఉత్త నీళ్ళతో పరీక్షిస్తే ఇది చక్కగా పనిచేస్తుంది కూడా. అసలు బార్లీ మాల్ట్ వేసి నడిపినప్పుడే ఇబ్బంది మొదలవుతుంది. అప్పుడు ఈ ఏర్పాటు పంపుని తగ్గించాల్సిన క్షణంలో పెంచుతుంది. నేను పంపుల్ని ఎలక్ట్రానిక్‌గా నడపడానికి వ్యతిరేకిని కాను, నా సెటప్ అంతా అలాగే నడుస్తుంది. నా అభ్యంతరమల్లా పంపు ఎవరి మాట వినాలన్న దాని గురించే.

ముందుగా ఒక మాట. ఇది అమెరికాలో ఉండేవాళ్ళ సంగతి. నేనుండేది డల్లాస్ దగ్గర. ఇక్కడ ఇంట్లో బీరు చేసుకోవడానికి ఫెడరల్ చట్టం 1978లో అనుమతిచ్చింది. జిమ్మీ కార్టర్ సంతకం చేసిన ఆ చట్టం 1979 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉంటే 200 గాలన్లు. అమ్మకూడదు. రాష్ట్రాల చట్టాలు ఒక్కొక్కటిగా మారుతూ వచ్చి, చివరికి 2013లో అలబామా, మిసిసిపీ కూడా ఒప్పుకున్నాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. కాబట్టి అక్కడి మిత్రులు దీన్ని పంపుల గురించి, కంట్రోల్ గురించి రాసిన వ్యాసంగా చదువుకోండి. ఆ లెక్కలు ఎక్కడైనా ఒకటే.

పంపుతో అసలు పనేమిటో తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, అంటే మాల్ట్‌ని, పొట్టు చెడకుండా నూకలా పట్టి, 65–68 డిగ్రీల సెల్సియస్ వేడి నీళ్ళలో గంటసేపు నానబెడతాం. దాన్నే మాష్ అంటారు. మాల్ట్‌లో ఉన్న ఎంజైములు ఆ గంటలో పిండిపదార్థాన్ని చక్కెరలుగా మారుస్తాయి. పాత్ర అడుగున చిల్లుల పళ్ళెం ఒకటి ఉంటుంది, దాన్ని ఫాల్స్ బాటమ్ అంటారు. దాని కిందకి దిగిన తియ్యటి ద్రవం, అంటే వర్ట్, పంపు గుండా బయటికి వచ్చి, ఎక్కడో వేడెక్కి, తిరిగి పైనుంచి మాష్ మీద పడుతుంది. గంటసేపూ ఇలా తిరుగుతూనే ఉంటుంది. ఆ తర్వాతే వర్ట్‌ని మరిగించి, చల్లార్చి, పులియబెట్టే ఈస్ట్ వేస్తాం. వర్ట్ ఒక సన్నటి స్టీలు గొట్టంలో ఉన్న హీటర్ మీదుగా వెళ్ళే పద్ధతిని రిమ్స్ అంటారు. వేడి నీళ్ళ పాత్రలో ముంచిన రాగి చుట్టలోంచి వెళితే అది హెర్మ్స్. నాది రిమ్స్ కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతాను.

ఈ తిరుగుడులో ప్రవాహం నెమ్మదైతే ఒక చిక్కు, వేగమైతే ఇంకో చిక్కు. నెమ్మదైతే ఏమవుతుందో లెక్క వేయడం తేలిక. ఒక డిగ్రీ వేడెక్కించడానికి నిమిషానికి ఒక లీటరు ప్రవాహానికి దాదాపు 70 వాట్లు కావాలి. 1500 వాట్ల హీటర్ పూర్తి బలంతో నడుస్తూ, వర్ట్ నిమిషానికి 4 లీటర్ల చొప్పున పోతుంటే, గొట్టం దాటేసరికి అది 5 డిగ్రీలు పైచిలుకు వేడెక్కుతుంది. 2 లీటర్లైతే 11 డిగ్రీలు. ఒకే లీటరైతే 21 డిగ్రీలు దాటుతుంది. అంటే 66 డిగ్రీల దగ్గర బయలుదేరిన వర్ట్ 87 దాకా పోయి తిరిగి వస్తుంది. బీటా అమైలేజ్ అనే ఎంజైము 70 దాటితే ఎంతోసేపు బతకదు. ఆల్ఫా అమైలేజ్ ఇంకాస్త తట్టుకుంటుంది గాని 80 దగ్గర అదీ పోతుంది. మాష్‌లో గుచ్చిన థర్మామీటర్ 66 అనే చూపిస్తుంటుంది, ఎంజైములేమో గొట్టంలో దఫదఫాలుగా చచ్చిపోతుంటాయి. చివరికి బీరు అనుకున్నదానికంటే చిక్కగా, తీపిగా మిగిలితే చాలామంది ఈస్ట్ మీద అనుమానపడతారు.

వేగమైతే వచ్చే చిక్కు లెక్కకి అంత తేలిగ్గా దొరకదు. చిల్లుల పళ్ళెం మీద ఉన్న మాల్ట్, దాని పొట్టు కలిసి ఒక మందపాటి వడపోత పొరలా ఏర్పడతాయి. దాన్ని గ్రెయిన్ బెడ్ అంటాం. వర్ట్ తేటగా వచ్చేది ఆ పొర వల్లే. పంపు కింద నుంచి గట్టిగా లాగితే ఆ పొర అణుగుతుంది. అణిగినకొద్దీ సందులు మూసుకుపోతాయి. వర్ట్ రావడం తగ్గుతుంది, పళ్ళెం కింద ఖాళీ ఏర్పడుతుంది, పంపు గాలి పీల్చుకుంటుంది. దీన్నే స్టక్ మాష్ అంటారు. అలాంటప్పుడు హీటర్ ఇంకా వెలుగుతుంటే గొట్టంలో నిలిచిపోయిన వర్ట్ మాడిపోతుంది. గోధుమ, ఓట్స్ ఎక్కువ వేసే బీర్లలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే మాల్ట్ చేసిన గోధుమకి పొట్టు ఉండదు. అందుకే ఇక్కడి హోంబ్రూ దుకాణాల్లో వరి ఊక అమ్ముతారు, మాష్‌లో కలపడానికి. మన మిల్లుల దగ్గర గుట్టలుగా పడి ఉండే ఊకని పౌండ్ల లెక్కన కొనుక్కోవడం నాకు మొదట్లో వింతగా ఉండేది గాని, ఆ ఊక చేసే పని చూశాక దాని మీద గౌరవం పెరిగింది. అది ఏ రుచీ ఇవ్వదు, సందులు మాత్రం తెరిచి ఉంచుతుంది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. అణగడం ఒక వైపు దారి. పంపు వేగం పెంచితే బెడ్ అణుగుతుంది, కానీ తిరిగి తగ్గించినంత మాత్రాన అది పొంగి మామూలు స్థితికి రాదు. పంపు ఆపాలి, కలియబెట్టాలి, లేదా కింద నుంచి నీళ్ళు ఎక్కించాలి. తర్వాత బెడ్ మళ్ళీ కుదురుకుని వర్ట్ తేటబడేదాకా ఆగాలి. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క లక్షణం మీదే ఆధారపడి ఉంది.

వేగం తగ్గించడం, ప్రవాహం తగ్గించడం

హోంబ్రూయింగ్‌లో ఎక్కువగా వాడేవి మాగ్నెటిక్ డ్రైవ్ సెంట్రిఫ్యూగల్ పంపులు. మార్చ్, చగ్గర్ లాంటివి 120 వోల్టుల ఏసీ మీద నడుస్తాయి. మోటారు షాఫ్టు ద్రవాన్ని తాకదు. అయస్కాంతం అయస్కాంతాన్ని తిప్పుతుంది. కాబట్టి సీలు కారడమన్న సమస్య లేదు. ఇవి మన ఊళ్ళలో బావుల మీద పెట్టే మోనోబ్లాక్ మోటారుకి చిన్న తమ్ముళ్ళు. ఆ మోటారుతో మెలిగినవాళ్ళకి దీని గుణాలన్నీ ముందే తెలుసు. నీళ్ళు పోసి ప్రైమింగ్ చేయకపోతే లాగదు. గాలి చిక్కితే ఊరికే తిరుగుతుంది. డెలివరీ వాల్వు మూస్తే మోటారుకి బరువు తగ్గుతుందే గాని పెరగదు. సక్షన్ వైపు, అంటే పంపు పీల్చుకునే వైపు, మాత్రం అడ్డు పెట్టకూడదు. మరిగే వేడి దగ్గర ఉన్న వర్ట్‌కైతే ఇది మరీ ముఖ్యం, సక్షన్ వైపు కాస్త పీడనం తగ్గినా పంపు లోపలే ఆవిరి బుడగలు పుడతాయి.

కాబట్టి ప్రవాహం తగ్గించడానికి అందరూ వాడే పద్ధతి డెలివరీ వైపు బాల్ వాల్వు. చవక, గట్టిది, కరెంటు పోయినా పనిచేస్తుంది. దాని లోపం దాని ఆకారంలోనే ఉంది. పావు చుట్టులో పూర్తిగా తెరుచుకుంటుంది. అందులోనూ మనకి పనికొచ్చే మార్పంతా మూసి ఉన్న స్థితి నుంచి మొదటి కాస్త కదలికలోనే వచ్చేస్తుంది. నిమిషానికి 20 లీటర్ల దాకా తోయగల పంపుని 3 లీటర్లకి పట్టి ఉంచాలంటే పిడిని వెంట్రుకవాసి కదుపుతూ కూర్చోవాలి. అంతకష్టపడి కుదిర్చినా అది నిలవదు. మాష్ వేడెక్కేకొద్దీ ద్రవం పలచబడుతుంది, పిండి కరిగేకొద్దీ బెడ్ గుణం మారుతుంది. పది నిమిషాల క్రితం సరిపోయిన వాల్వు ఇప్పుడు సరిపోదు. ఎలక్ట్రానిక్ కంట్రోల్ కావాలనడానికి అసలు కారణం ఇదే. సుఖం కోసం కాదు, గంటసేపు మారుతూ ఉండే వస్తువుని ఒకేచోట బిగించిన వాల్వుతో పట్టలేం గనక.

సరే, వేగం మారుద్దామనుకున్నాక చాలామంది మొదట చూసేది ఏసీ మోటారుకి వోల్టేజి తగ్గించే డిమ్మర్ పెట్టడం. దుకాణాల్లో రౌటర్ (వడ్రంగి పనిలో చెక్కని చెక్కే యంత్రం) స్పీడ్ కంట్రోలర్ అని దొరుకుతుంది. అది బ్రష్‌లున్న యూనివర్సల్ మోటార్ల కోసం చేసింది. ఈ పంపుల్లో ఉండేది ఇండక్షన్ మోటారు. దాని వేగాన్ని నిర్ణయించేవి కరెంటు ఫ్రీక్వెన్సీ, మోటారులోని పోల్స్ (అయస్కాంత ధ్రువాల) సంఖ్య. వోల్టేజి తగ్గిస్తే వేగం సాఫీగా తగ్గదు, బలం మాత్రం వోల్టేజి వర్గానికి తగ్గట్టు పడిపోతుంది. మోటారు గుర్రుమంటుంది, వేడెక్కుతుంది, తక్కువలో స్టార్ట్ కాకుండా నిలిచిపోతుంది. ఇది చెప్పగానే మనవాళ్ళు అడిగే ప్రశ్న నాకు తెలుసు: సీలింగ్ ఫ్యానూ ఇండక్షన్ మోటారే కదా, దానికి రెగ్యులేటర్ ఎలా పనిచేస్తోంది? మంచి ప్రశ్న. ఫ్యాను మోటారుని స్లిప్ (ఫ్రీక్వెన్సీ చెప్పే వేగం కంటే వెనకబడడం) ఎక్కువ తట్టుకునేలా, వోల్టేజి తగ్గిస్తే నెమ్మదిగా తిరిగేలా కావాలనే చేస్తారు. పంపు మోటారుని ఒకే వేగం కోసం చేస్తారు. పైగా దాన్ని చల్లబరిచే చిన్న ఫ్యాను దాని షాఫ్టుకే ఉంటుంది, వేగం తగ్గితే చల్లదనమూ తగ్గుతుంది. పెద్ద బ్రూవరీల్లో త్రీ ఫేజ్ మోటార్లకి వీఎఫ్‌డీ పెట్టి ఫ్రీక్వెన్సీనే మారుస్తారు. ఇంటి పంపులు సింగిల్ ఫేజ్‌వి కాబట్టి ఆ దారి మనకి లేదు.

మనకి ఉన్న దారి 12 లేదా 24 వోల్టుల బ్రష్‌లెస్ డీసీ పంపు. తడి నేల మీద పని కాబట్టి తక్కువ వోల్టేజి అన్నది అదనపు లాభం. అయితే ఇందులో రెండు రకాలు. రెండు వైర్లే ఉన్నవి, వేగం చెప్పడానికి మూడో వైరు ఉన్నవి. రెండు వైర్ల పంపుకి సప్లైనే వేగంగా ఆపుతూ వదులుతూ ముక్కలుగా కోసి, అంటే పీడబ్ల్యూఎంగా, ఇవ్వడం చాలామంది చేస్తారు. ఆ పంపు లోపల దాని సొంత డ్రైవర్ సర్క్యూట్ ఉంటుంది. మనం సప్లై కోస్తుంటే అది క్షణక్షణం ఆగి మొదలవుతున్నట్టే లెక్క. కొన్ని సహిస్తాయి, కొన్ని కీచుమని చచ్చిపోతాయి. కంట్రోల్ వైరున్న పంపుకి దానికి కావలసినంత సప్లై పూర్తిగా ఇచ్చి, వేగం మాత్రం 0–5 వోల్టుల సంకేతంగా చెబుతాం. ఆర్డుయినో ఊనో అనే మైక్రోకంట్రోలర్ బోర్డులో ఎక్కువ పిన్నుల మీద వచ్చే 490 హెర్ట్జ్ పీడబ్ల్యూఎంని 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌తో వడకడితే పంపుకి సరిపోయేంత నున్నటి వోల్టేజి వస్తుంది. ఈఎస్‌పీ32 అనే ఇంకో బోర్డు వాడేవాళ్ళు మాత్రం దాని పిన్ను 3.3 వోల్టులే ఇస్తుందని గుర్తుంచుకోవాలి. మధ్యలో ఒక ఆప్-యాంప్ చిప్ పెట్టి ఆ వోల్టేజిని పెంచకపోతే పంపు ఎప్పటికీ పూర్తి వేగం అందుకోదు. బయలుదేరేటప్పుడు ఒకటి రెండు సెకన్లు గట్టిగా తిప్పి, తర్వాత కావలసిన చోటికి దింపితే తక్కువ వేగంలో మొరాయించడం తగ్గుతుంది.

ఇంతదాకా వచ్చాక నాబ్‌ని సగానికి తిప్పితే సగం ప్రవాహం వస్తుందనుకోవడం సహజం. అది జరగదు. సెంట్రిఫ్యూగల్ పంపులో వేగం సగమైతే అది ఎత్తగలిగే ఎత్తు పావు వంతుకి పడిపోతుంది, ఎందుకంటే హెడ్, అంటే ఆ ఎత్తు, వేగానికి వర్గంగా మారుతుంది. పూర్తి వేగంలో 12 అడుగులు ఎత్తే పంపు సగం వేగంలో 3 అడుగులే ఎత్తుతుంది. మీరు వర్ట్‌ని 3 అడుగుల పైనున్న కెటిల్‌కి, అంటే మరిగించే పాత్రకి, పంపుతున్నారనుకోండి, 50 శాతం కింద ఎంత తిప్పినా ఒక్క చుక్క పడదు. నాబ్‌లో కింది సగం ఉత్తదే. పై సగంలోనే మొత్తం కథ నడుస్తుంది. మాష్ రీసర్క్యులేషన్‌లో వర్ట్ బయలుదేరిన మట్టానికే తిరిగి చేరుతుంది కాబట్టి ఎత్తు బాధ తక్కువ, కానీ అక్కడ బెడ్ అడ్డు ఉంది, అది మారుతూ ఉంటుంది. అందుకే పంపుకి 60 శాతం అని చెప్పడం ప్రవాహం చెప్పడం కాదు. స్క్రీన్ మీద శాతం చూసి ధైర్యం తెచ్చుకోవడం నాకు నచ్చదు.

పీఐడీ ఎక్కడ దెబ్బతీస్తుంది

శాతం నమ్మలేం కాబట్టి ప్రవాహాన్ని కొలుద్దాం, కొలిచినదాన్ని బట్టి పంపుని సరిచేద్దాం. ఇదే తర్వాతి మెట్టుగా అందరికీ తోచేది. వైఎఫ్-ఎస్201 అనే చిన్న టర్బైన్ మీటర్ చవగ్గా దొరుకుతుంది. లీటరుకి 450 పల్సులిస్తుంది, అంటే నిమిషానికి 4 లీటర్లకి 30 హెర్ట్జ్. కోడ్ రాయడం ఒక పూట పని.

ఇప్పుడు మాష్ మధ్యలో బెడ్ కాస్త బిగుసుకుందనుకుందాం. ప్రవాహం 4 నుంచి 3.5కి దిగింది. పీఐడీ తన పని తాను చేస్తుంది, వేగం పెంచుతుంది. లాగుడు పెరిగి బెడ్ ఇంకాస్త అణిగింది. ప్రవాహం మళ్ళీ తగ్గింది. పీఐడీ ఇంకా పెంచుతుంది. పాత తేడాలన్నిటినీ కూడే దాని ఇంటెగ్రల్ భాగం పేరుకుపోతూ పంపుని నూరు శాతానికి చేరుస్తుంది. కొద్ది నిమిషాల్లో పళ్ళెం కింద ఖాళీ, పంపులో గాలి. దీనికి ట్యూనింగ్‌ని తప్పుపట్టి లాభం లేదు. గెయిన్, అంటే తేడాకి అది స్పందించే జోరు, తగ్గిస్తే అదే చోటికి నెమ్మదిగా చేరుతుంది, అంతే. వేగం పెంచితే ప్రవాహం పెరుగుతుందన్న ఊహ మీద ఆ లూప్ (కొలిచి సరిచేసి మళ్ళీ కొలిచే చక్రం) నిలబడింది. బిగుసుకుంటున్న బెడ్ విషయంలో ఆ ఊహ తలకిందులవుతుంది. ముందే అన్నట్టు, అణిగిన బెడ్ దానంతట అది తిరిగి రాదు కూడా.

మీటర్ చెడిపోయినప్పుడైతే ఇంకా ఘోరం. ఆ టర్బైన్ చక్రం చాలా చిన్నది. ఒక్క పొట్టు ముక్క చాలు, ఆగిపోతుంది. మీటర్ సున్నా చూపిస్తుంది, పీఐడీ పంపుని పూర్తి వేగానికి తీసుకెళుతుంది. పైగా ఈ మీటర్లు 80 డిగ్రీల దాకే పనికొస్తాయి. మాష్ చివర 76 డిగ్రీలకి తీసుకెళ్ళే పద్ధతిలో అది హద్దు దగ్గరే. మరిగించిన వర్ట్‌కి అసలు వాడకూడదు. ఏ సెన్సరైనా ఎప్పుడో ఒకప్పుడు చెడిపోతుంది. చెడిపోయినప్పుడు యంత్రం ఎటు ఒరుగుతుందన్నది దాన్ని కట్టేటప్పుడే మనం తేల్చుకోవాల్సిన విషయం. పంపుని మీటర్‌కి అప్పగిస్తే అది ప్రమాదం వైపే ఒరుగుతుంది.

మరి పంపు ఎవరి మాట వినాలి? బెడ్ మాట వినాలి. బెడ్ మీద పడుతున్న లాగుడెంతో కొలవడానికి పాత పద్ధతి ఒకటుంది. పళ్ళెం కింద నుంచి ఒక పారదర్శక గొట్టం తీసి, పాత్ర పక్కన నిలువుగా కడతారు. పంపు ఆగి ఉంటే గొట్టంలో మట్టం, మాష్ మట్టం ఒకటే. పంపు నడుస్తుంటే గొట్టంలో మట్టం కిందికి దిగుతుంది. ఆ తేడాయే బెడ్ మీద పడే ఒత్తిడి. దీన్నే ఎలక్ట్రానిక్‌గా చేయడానికి నేను ఎంపీఎక్స్5010డీపీ అనే డిఫరెన్షియల్ ప్రెషర్ సెన్సర్ వాడతాను. 0 నుంచి 10 కిలోపాస్కల్స్ దాకా కొలుస్తుంది, కిలోపాస్కల్‌కి 450 మిల్లీవోల్టులిస్తుంది. 10 సెంటీమీటర్ల నీటి మట్టం తేడా అంటే దాదాపు ఒక కిలోపాస్కల్. ఆర్డుయినో సుఖంగా చదవగలిగే మార్పు అది. ఒక సన్నటి గొట్టం మొన పళ్ళెం కింద, ఇంకోటి బెడ్ పైనున్న ద్రవంలో. రెండింటిలోనూ పైన గాలి చిక్కి ఉంటుంది కాబట్టి వర్ట్ సెన్సర్ దాకా రాదు. మొనలు వేరు వేరు లోతుల్లో ఉండడం వల్ల వచ్చే తేడా స్థిరమైనది, పంపు ఆపి ఉన్నప్పుడు కొలిచి తీసేయాలి. చిక్కిన గాలి వేడెక్కితే రీడింగ్ పక్కకి జరుగుతుంది, అందుకని పావుగంటకోసారి కొన్ని సెకన్లు పంపు ఆపి సున్నా మళ్ళీ చూసుకోవాలి. ఆపేముందు హీటర్ ఆగేలా కోడ్‌లోనే రాసుకోవాలి. ఆ కొన్ని సెకన్లు బెడ్‌కీ మంచివే.

ఇక నియమం. పీఐడీ అక్కర్లేదు. నా పాత్రకి కుదిరినది చెబుతాను, మీ పాత్రకి మీరు చూసుకోవాలి. తేడా 8 సెంటీమీటర్ల లోపు ఉంటే వేగాన్ని చాలా నెమ్మదిగా, అరనిమిషానికి ఒక మెట్టు చొప్పున పెంచుతాను. 8కి 15కి మధ్య ఉంటే కదపను. 15 దాటితే వెంటనే పెద్ద మెట్టు దింపుతాను. 25 దాటితే పంపు, హీటర్ రెండూ ఆగి బజర్ మోగుతుంది. పెంచడం నిదానంగా, తగ్గించడం తొందరగా. రెండూ ఒకే జోరుతో ఉండకూడదు, ఎందుకంటే ఎక్కువ చేస్తే పడే నష్టం వెనక్కి తీసుకోలేనిది, తక్కువ చేస్తే పోయేది కాసేపటి సమయం. మామూలు పీఐడీకి ఈ తేడా తెలియదు, పైనున్న పొరపాటుకీ కిందున్న పొరపాటుకీ అది ఒకటే శిక్ష వేస్తుంది.

అయితే ఫ్లో మీటర్ పారేయమంటున్నానా? లేదు. దాని మాట వినాల్సింది హీటర్. పైన చెప్పిన 70 వాట్ల లెక్క ఉంది కదా, దాన్ని తిరగేస్తే సరి. గొట్టంలో వర్ట్ 4 డిగ్రీలకి మించి వేడెక్కకూడదని నిర్ణయించుకుంటే, ప్రవాహం నిమిషానికి 4 లీటర్లున్నప్పుడు హీటర్‌కి 1100 వాట్లు ఇవ్వొచ్చు, 2 లీటర్లకి దిగితే 560 వాట్లే. ఉష్ణోగ్రత పీఐడీ ఎంత అడిగినా ఈ గరిష్ఠ పరిమితి దాటనివ్వను. బెడ్ ఇబ్బంది పడి పంపు నెమ్మదిస్తే హీటర్ తనంతట తానే వెనక్కి తగ్గుతుంది, మాష్ వేడెక్కడం ఆలస్యమవుతుంది, ఎంజైములు బతుకుతాయి. మీటర్‌లో పొట్టు ఇరుక్కుంటే సున్నా చూపించి హీటర్‌నే ఆపుతుంది. అదే చెడిపోయిన మీటర్, కానీ ఇప్పుడు క్షేమం వైపు ఒరుగుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. ప్రవాహం మారితే అదే వాట్లకి వచ్చే వేడి మారుతుంది కాబట్టి, ఒక ప్రవాహం దగ్గర ట్యూన్ చేసిన ఉష్ణోగ్రత పీఐడీ ఇంకో ప్రవాహం దగ్గర ఊగిసలాడుతుంది. దాని అవుట్‌పుట్‌ని వాట్లలో కాకుండా గొట్టంలో పెంచాల్సిన డిగ్రీలలో తీసుకుని, ప్రవాహంతో గుణించి వాట్లు చేస్తే ఆ ఊగిసలాట చాలావరకు పోతుంది.

ఇక్కడ నా మిత్రుడొకడి అభ్యంతరం చెప్పాలి, ఎందుకంటే అది గట్టిది. నాకంటే చిన్నవాడు, నాకంటే మంచి బీరు చేస్తాడు. "అన్నా, నేను వాల్వు కొంచెమే తెరిచి, మొదట్నుంచీ నెమ్మదిగా పోనిస్తా. నాకు మాష్ ఎప్పుడూ ఇరుక్కోలేదు. ఈ సెన్సర్లన్నీ నాకెందుకు?" అంటాడు. అతని విషయంలో అతను చెప్పేది నిజం. అతనిది హెర్మ్స్. వేడి నీళ్ళ పాత్ర ఉష్ణోగ్రత ఎప్పుడూ మాష్‌కంటే కాస్తే ఎక్కువ, కాబట్టి ప్రవాహం నెమ్మదించినా వర్ట్ ఎక్కడా 80 దాటదు. అతను నెమ్మదితనానికి చెల్లించే మూల్యం సమయం ఒక్కటే. రిమ్స్‌లో హీటర్ నేరుగా వర్ట్‌లోనే ఉంటుంది. నెమ్మదితనం అక్కడ క్షేమం కాదు. రెండు వైపులా గోడలున్న ఇరుకు సందులో నడవాలి, ఆ సందు గంటసేపూ జరుగుతూ ఉంటుంది. హెర్మ్స్ వాడేవాళ్ళకి మంచి వాల్వు చాలన్న మాటతో నేను ఏకీభవిస్తాను. నా వాదన రిమ్స్ వాళ్ళ కోసం.

స్పార్జ్ గురించి క్లుప్తంగా. మాష్ అయ్యాక గింజల్లో మిగిలిన చక్కెరని వేడి నీళ్ళతో కడిగే పని అది. ఐదు గాలన్ల బ్యాచ్‌కి 18 లీటర్ల నీళ్ళు గంటసేపు పోయాలంటే నిమిషానికి 300 మిల్లీలీటర్లు. దీనికి సెంట్రిఫ్యూగల్ పంపుని అణచిపెట్టడం వృథా ప్రయాస, ఆ చవక మీటర్ అంత తక్కువని చదవలేదు కూడా. పెరిస్టాల్టిక్ పంపుకి (మెత్తటి గొట్టాన్ని రోలర్లతో నొక్కుతూ ద్రవాన్ని తోసేది) స్టెప్పర్ మోటారు, అంటే లెక్కపెట్టిన మెట్లలో తిరిగే మోటారు, పెట్టండి. అక్కడ ఒక చుట్టుకి ఇంత అని లెక్క, నీళ్ళైతే మీటరే అక్కర్లేదు. సిలికాన్ గొట్టం అరుగుతుంది కాబట్టి అప్పుడప్పుడూ కొలపాత్రతో సరిచూసుకోవాలి. దాని డెలివరీ వైపు మాత్రం వాల్వు మూయకండి, గొట్టం ఊడుతుంది.

చల్లార్చడం దగ్గర మాత్రం నేను పీఐడీ తరఫునే మాట్లాడతాను. మరిగిన వర్ట్ కౌంటర్‌ఫ్లో చిల్లర్ (వర్ట్ ఒక దిక్కున, చల్లటి కుళాయి నీళ్ళు ఎదురు దిక్కున పోయే జంట గొట్టం) గుండా పోయి 20 డిగ్రీల దగ్గర బయటికి రావాలి. బయటికొచ్చే ఉష్ణోగ్రత ఎక్కువైతే పంపు నెమ్మదించాలి, తక్కువైతే వేగం పెంచొచ్చు. ఇక్కడ అణిగే బెడ్ లేదు, వేగం పెంచడానికి తగ్గించడానికి ఫలితం ఎప్పుడూ ఒకే దిక్కులో వస్తుంది. చిన్న పీఐ లూప్ (పీఐడీకే సరళ రూపం) అందంగా పనిచేస్తుంది, నీళ్ళూ ఆదా అవుతాయి. ఒకే జాగ్రత్త: డల్లాస్ ఎండాకాలంలో కుళాయి నీళ్ళే గోరువెచ్చగా వస్తాయి. ఆ నీళ్ళతో 20 డిగ్రీలు ఎప్పటికీ రాదు. లూప్ మాత్రం వస్తుందన్న ఆశతో పంపుని తగ్గిస్తూ తగ్గిస్తూ ఆపేస్తుంది. అందుకని లక్ష్యాన్ని కుళాయి నీటి ఉష్ణోగ్రతకి 3 డిగ్రీలు పైన ఉండేలా కట్టేసి, పంపుకి ఒక కనీస వేగం పెట్టాను. మిగతా చల్లదనం ఐసు నీళ్ళలో ముంచిన ఇంకో చుట్ట చూసుకుంటుంది.

ఇవన్నీ చేసినా డెలివరీ వైపు చేతి వాల్వు నేను తీయలేదు, మీరూ తీయకండి. ప్రవాహం ఎంత పెరిగినా ఇంతకి మించకూడదన్న హద్దుని ముందే ఆ వాల్వుతో పెట్టి, ఆ హద్దు లోపల వేగాన్ని ఎలక్ట్రానిక్స్‌కి వదిలేస్తాను. కోడ్ పొరపాటున నూరు శాతం అడిగినా బెడ్ మీద పడేది ఆ వాల్వు అనుమతించినంతే. హీటర్ లైనులో జీఎఫ్‌సీఐ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపే రక్షణ, తప్పనిసరి. దానితోపాటు గొట్టం దగ్గర ప్రవాహం ఉంటేనే కలిసే ఒక మామూలు ఫ్లో స్విచ్‌ని హీటర్ కాంటాక్టర్ (హీటర్‌కి కరెంటు కలిపే పెద్ద స్విచ్) కాయిల్‌కి నేరుగా సిరీస్‌లో కలపండి, మైక్రోకంట్రోలర్‌తో సంబంధం లేకుండా. ప్రోగ్రాం హ్యాంగ్ అయినా, సెన్సర్ వైరు ఊడినా, వర్ట్ కదలకపోతే హీటర్‌కి కరెంటు అందకూడదు. మీ దగ్గర ఒక్కదానికే డబ్బులుంటే ప్రెషర్ సెన్సర్ కంటే ముందు ఆ స్విచ్ కొనండి.